శుక్రవారాల మావ

చీపురుపల్లి స్టేషను బయట, టీ కొట్టుకూ ఆటోల వరుసకూ మధ్య కట్టిన ఫ్లెక్సీమీద ఆయన నవ్వుతున్నాడు. పైన అశ్రునివాళి అని ఉంది. కింద బంధుమిత్రుల పేర్లు ఉన్నాయి. ఒంటిమీద కొబ్బరిచెట్ల అచ్చు చొక్కా. మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో మేము పాఠాలు చెప్పుకుని బతికిన రెండేళ్ళలో ఆయన ఆ చొక్కాను శుక్రవారం నాడు తప్ప వేసుకోవడం నేను చూడలేదు. ఫొటోను ఎవరో గుంపులోంచి తొందరగా కత్తిరించారు. అందుకే ఆయన భుజంమీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకా మాత్రమే, మిగిలిపోయింది. అది నా చెయ్యి.

పోయినవారి గురించి మంచే మాట్లాడాలంటారు. ఎందుకు మాట్లాడాలో చెప్పినవారిని నేనింతవరకు చూడలేదు. ఊపిరి ఆగిపోవడం వల్ల ఒక మనిషి చేసిన పని మరొకటిగా మారిపోదు. ఆయన్ని తలచుకుంటే నాకు మొదట రోత కలుగుతుంది. ఆ వెంటనే ఆకలి వేస్తుంది. ఈ రెండూ ఒకే మనిషి వల్ల కలగడం నాకు ఇంకా పెద్ద రోత.

ఆ దీవిలో శుక్రవారం సెలవు. మధ్యాహ్నపు ప్రార్థన వేళకు దుకాణాలు మూసేస్తారు, పడవలు కదలవు, ఇసుక వీధుల్లో కోళ్ళు తప్ప ఎవరూ తిరగరు. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర సముద్రం కనిపించే చోట, సెలవురోజున మనిషికి మనిషే దిక్కు. ఆ దిక్కుకు అధిపతి ఆయన. లెక్కల మాస్టారు. యాభై దాటినవాడు, ఆ దీవికి అందరికంటె ముందు వచ్చినవాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎవరు ఉద్యోగానికి వచ్చినా పడవ దిగేచోట ఎదురుగా నిలబడేవాడు. సామాను అందుకునేవాడు కాదు. చెయ్యి అందుకునేవాడు. వైద్యుడు నాడి చూసినట్టు రెండు వేళ్ళు మణికట్టుమీద ఆనించి మూడు ప్రశ్నలు అడిగేవాడు.

"ఏ ఊరు?"

శ్రీకూర్మం పక్కన పల్లె అన్నాను.

"ఇంటిపేరేటి?"

చెప్పాను.

"మీ అమ్మది ఏ ఊరు?"

చీపురుపల్లి అవతల ఒక ఊరి పేరు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏవో పెళ్ళిళ్ళనూ పురుళ్ళనూ దాటుకుంటూ వెళ్ళి, తిరిగివచ్చి కళ్ళు తెరిచాడు.

"అయితే మీ అమ్మ నాకు సెల్లెలవుతాది. నువ్వు నాకు అల్లుడివి. మరింకేటి, రా, అన్నం సల్లారిపోతంది."

పరాయి దేశంలో కాలుపెట్టిన పావుగంటకు నాకొక మేనమామ దొరికాడు. మా వైపు వరస కలపడం అందరికీ వచ్చిన విద్యే. బస్సులో పక్కన కూర్చున్నవాడు కూడా రెండు స్టేజీలు దాటేలోగా బావో మావో అవుతాడు. కాని ఈయన దాన్ని శాస్త్రం చేశాడు. బొబ్బిలి నుంచి వచ్చిన కామర్సు మాస్టారు ఆయనకు బావ అయ్యాడు. లెక్క ప్రకారం అతను నాకు చిన్నాన్న కావాలి. అయినా అందరి నోటా బొబ్బిలి బావే.

శుక్రవారం ఉదయం నుంచి ఆ ఇంట్లో వంట. ఇంటి ముందుభాగంలో రెండు గదులు: ఒకటి ఆయనది, ఒకటి నాది. వెనకవైపు బొబ్బిలి బావ గది, దాన్నానుకుని వంటిల్లు. దీవిలో పనసకాయ దొరకదు, సీమపనస దొరుకుతుంది. ఆయన దాన్ని పొట్టుగా కొట్టి, ఇంటి నుంచి తెచ్చిన ఆవాలు నూరి, ఆవపెట్టిన కూర చేసేవాడు. ఆ కూర నోట పెట్టుకుంటే ముక్కులోకి ఘాటు ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఏడవకురా అల్లుడూ, ఇంటికాడికి ఎల్లిపోతావులే," అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. తినేటప్పుడు చేప తలకాయను రెండు చేతులా పట్టి, కంటి గుంటలోంచి చప్పుడయ్యేలా పీల్చేవాడు. పీల్చి, ముల్లును పళ్ళసందున పెట్టి గెలుకుతూ, ఆ వారమంతా ఎవరు ఎవరితో మాట్లాడారో, ప్రిన్సిపాలు ఎవరిని చూసి నవ్వాడో విప్పేవాడు. భోజనం తర్వాత సముద్రపు ఒడ్డున తాళ్ళతో అల్లిన ఊగుడుకుర్చీల్లో పేకాట. ఓడినవాడు గిన్నెలు తోమాలి.

ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగురోజులు లేవలేదు. ఆయన బడికి సెలవు పెట్టి నా మంచం పక్కనే ఉన్నాడు. మిరియాల చారు కాచి, చెంచాతో తాగించి, చెమట పట్టిన నా మెడను తన తువ్వాలుతోనే తుడిచాడు. ఈ సంగతి దాచి మిగతాది చెబితే నా వాదన తేలికవుతుంది. నేను దాచడం లేదు.

నేను వెళ్ళిన ఆరునెలలకు జీవరత్నం వచ్చాడు. ఫిజిక్సు. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. ఆ రోజు పడవ దిగేచోట నేనూ ఉన్నాను. ఆయన రెండు వేళ్ళూ అతని మణికట్టుమీద ఆనాయి.

"ఏ ఊరు?"

"టెక్కలి దగ్గరండి. భావనపాడు ఎల్లే దారిలో."

"ఇంటిపేరేటి?"

జీవరత్నం చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. ఈసారి అమ్మది ఏ ఊరని అడగలేదు.

"ఊర్లో ఎక్కడుంతారు?"

"మిషన్ బడి ఎదురండి. మా తాత అక్కడ పాస్టరు."

వేళ్ళు మణికట్టు మీదనుంచి లేచాయి. రెండు చేతులూ దగ్గరకు వచ్చి చక్కని నమస్కారమయ్యాయి.

"శాన సంతోషం మాస్టారూ. ఏ ఇబ్బందొచ్చినా మాకు సెప్పండి."

ఎంత మర్యాదగల మనిషి అనుకున్నాను. కాలేజీలో నాలుగేళ్ళు డిబేటులో గెలిచినవాణ్ణి. ఎదుటివాడి మాటలో పగులు ఎక్కడుందో చెవితో పట్టగలనని నాకు పేరు. ఆ నమస్కారంలో నాకేమీ వినిపించలేదు.

జీవరత్నం సముద్రం ఒడ్డున పెరిగినవాడు. దీవివాళ్ళతో నెల తిరక్కుండా కలిసిపోయాడు. తెల్లవారుజామున వాళ్ళ పడవలో వెళ్ళి చేప పట్టుకొచ్చేవాడు. శుక్రవారం చింతపండు పులుసు పెట్టి గిన్నెతో తెచ్చేవాడు. ఆయన ఆ పులుసును అందరికంటె ముందు వడ్డించుకునేవాడు. నేను దాన్ని సాక్ష్యంగా రాసుకున్నాను. మనసులో ఎక్కడో ఒక అనుమానం ఉండేది గనక, విడిగా కంచం పెడతాడేమో, గ్లాసు మార్చుతాడేమో అని కనిపెట్టుకుని చూశాను. ఏమీ లేదు. ఒకే గిన్నెలో గరిటె తిరిగింది. కేసు కొట్టివేశాను.

పేకాటకు మాత్రం జీవరత్నాన్ని ఎవరూ పిలవలేదు. అతను లేచి గిన్నెలు తోమేవాడు. "అయ్యయ్యో మాస్టారూ, మీరెందుకండి," అంటూనే ఆయన తన కంచాన్ని, అతను తీసుకోవడానికి వీలుగా, కాస్త ముందుకు జరిపేవాడు. ఆ జరపడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. రెండంగుళాలు. అంతకంటె ఎక్కువ జరపలేదు.

ఒక శుక్రవారం ఉండబట్టలేక అడిగాను.

"మావా, వచ్చిన అందరికీ వరస కలిపారు. జీవరత్నం గారికి కలపలేదేం?"

ఆయన పేకముక్కలు కలుపుతూ నావైపు జాలిగా చూశాడు.

"గౌరవం రా అల్లుడూ. ఆయన్ని మాస్టారు అంతన్నాను. నిన్నెప్పుడైనా మాస్టారు అన్నానేటి? ఒరే అంతన్నాను. ఎవుడికి తక్కువ సేసినానో నువ్వే సెప్పు."

బొబ్బిలి బావ పగలబడి నవ్వాడు. "డిబేటోడికి నోరు పడిపోనాది." నేనూ నవ్వాను. జవాబు నిజంగానే బాగుంది. బాగున్న జవాబు నిజమైన జవాబు కానక్కరలేదని డిబేటులో ఎవరూ నేర్పరు. మార్కులు బాగున్న దానికే వేస్తారు.

మరుసటి ఏడాది బొబ్బిలి బావ ఒప్పందం ముగించుకుని ఇంటికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. వెనక గది ఖాళీ అవుతుంది. జీవరత్నం ఉండేది బడి ఆవరణలోని ఒంటి గది. అక్కడ వంట లేదు, కుటుంబాన్ని ఉంచుకోవడానికి అనుమతీ లేదు. అతను ఇంటి దగ్గర బయలుదేరేనాటికి కూతురు నలభై రోజుల పిల్ల. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోందని ఫోనులో చూపించేవాడు. కుటుంబ వీసాకు దరఖాస్తు పెట్టాలంటే వంటగది ఉన్న ఇల్లు చూపించాలి. ఆ ఇంట్లో ఇదివరకే ఉన్నవారు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అది నెలాఖరులోగా జరగాలి. లేకపోతే ఆ ఏడాదికి లేనట్టే. ఆ దీవిలో మరో ఇల్లు ఖాళీ లేదు.

ఆ శుక్రవారం అతను పులుసు గిన్నె కింద పెట్టి, అందరూ తినేదాకా ఆగాడు.

"మాస్టారూ, ఒక మాట. మావిడా గుంటా వస్తామంతన్నారు. బావ గది ఖాళీ అయిపోతాది కదా. మీరిద్దరూ సరేనంటే ఆఫీసులో కాయితం ఇచ్చేస్తాను."

ఆయన చేప తలకాయ కిందపెట్టి, చెయ్యి నాకి, ఎంతో ఆదరంగా అతనివైపు తిరిగాడు.

"మీలాటోళ్ళు పక్కనుంటే అది మా అదృష్టం కదండి. కాని ఆ గది మీకు సాలదండి మాస్టారూ. వానొస్తే నీరు కారతాది. ఎలకలు. మేడమ్ గారు కట్టపడిపోతారు."

"మాది ఇంతకన్నా సిన్నిల్లేనండి. మాకు సాల్తాది."

"మీకు సాలొచ్చండి. మాకు మనసొప్పద్దా? మీకు మంచి ఇల్లే సూద్దాం. నాకొగ్గీయండి."

జీవరత్నం నావైపు చూశాడు. నేను మజ్జిగ కలుపుకుంటున్నాను. అవసరమైనదానికంటె ఎక్కువసేపు కలుపుకున్నాను. అతను గిన్నెలు తోమడానికి లేచాడు. ఆ రోజు కూడా తోమాడు.

అతను వెళ్ళాక ఆయన నన్ను పిలిచాడు.

"అల్లుడూ, నీది మంచి ఇంగిలీసు. ఆఫీసోళ్ళు మననే అడుగుతారు రేపు. ఒక కాయితం రాసీ. మాట ఎక్కడా తేడాగా ఉండకూడదు. మర్యాదగా ఉండాల."

"ఆ గదికి ఏమైంది మావా? వాన పడితే నీరు కారడం నేనెప్పుడూ చూడలేదు."

"గదికేటవుతాది. పక్కనే వంటిల్లు కదరా. సెలవలకి మీ అత్త వస్తాది. వాళ్ళావిడా మీ అత్తా ఒక పొయ్యికాడ వండుకుంటే, రేపు మనూర్లో మీ అత్త ఏటని సెప్పుకుంటాది?"

"ఇప్పుడేగా ఆయన పెట్టిన పులుసు తిన్నారు?"

ఆయన నవ్వాడు. కోపం లేదు, తడబాటు లేదు. లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"పులుసు వస్తాది, పోతాది. మనుసులొస్తే పోతారేటి?"

కంచం కోసం, గ్లాసు కోసం వెతికిన నా తెలివితక్కువతనం నాకు ఆ క్షణాన తెలిసింది. వరస అంటే ఇంట్లోకి తలుపు. ఆయన పడవరేవులోనే, రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మధ్య, దాన్ని మూసేశాడు. మూసిన తలుపుమీద నమస్కారం బొమ్మ గీశాడు. అతను పడవ దిగిన రోజు మొదలు అప్పటిదాకా ఆయన నోటినుంచి వచ్చిన ప్రతి 'మాస్టారూ' నా చెవిలో కుళ్ళింది. ఎవరినైనా తిట్టి దూరం పెట్టినవాణ్ణి ఎదుర్కోవచ్చు. గౌరవించి దూరం పెట్టినవాడికి దెబ్బతిన్నవాడు థాంక్సు కూడా చెప్పాలి. ఇంతకంటె మురికి పని నాకు తెలియదు.

ఇది తెలిసికూడా నేను కాగితం రాశాను.

డిబేటులో చీటీ తీస్తాం. అనుకూలం వస్తే అనుకూలంగా, ప్రతికూలం వస్తే ప్రతికూలంగా, అంతే వేడితో మాట్లాడతాం. చీటీ ఎవరు తీశారన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ సాయంత్రం ఆయన నాకొక చీటీ ఇచ్చాడు, నేను మాట్లాడాను. కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎవరూ కొట్టరు. శుక్రవారం పోతుంది. ఆవపెట్టిన కూర, ఊగుడుకుర్చీ, ఒరే అనే పిలుపు పోతాయి. అంత చిన్న దీవిలో అవి లేకుండా ఉండగలనన్న ధైర్యం నాకు లేకపోయింది. ఇది కారణం, సమర్థన కాదు.

ఎదుటివాడి మేలు కోరి కాదన్నట్టు కనిపిస్తే ఆ వాదన ఓడిపోదని నాకు తెలుసు. కాబట్టి అలాగే రాశాను. ఇద్దరు మగవాళ్ళున్న ఇంట్లో ఆ తల్లికి ఏకాంతం ఉండదని, పాకే పిల్లకు పెరట్లోని బావి గట్టు ప్రమాదమని, సహోద్యోగి కుటుంబం ఇంతకంటె మంచి వసతికి అర్హమని, ఆ కారణాలవల్లనే బరువెక్కిన మనసుతో అంగీకరించలేకపోతున్నామని. ఒక్క తప్పు లేదు. ఆయన ఆ ఇంగ్లీషును పైకి చదివించుకుని విన్నాడు. "ఏటి రాసినావురా, నాకే నిజమనిపిస్తంది," అన్నాడు. ఇంటి పెద్దగా తానొక్కడే సంతకం పెట్టాడు. నా మెడమీద చెయ్యి వేసి నొక్కాడు. చారు తాగించిన చెయ్యే. ఆ మెచ్చుకోలుకు నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆయన చేసినవాటిలో ఏదీ నాకింత అసహ్యంగా లేదు.

దరఖాస్తు తిరిగివచ్చింది. జీవరత్నం శుక్రవారాలకు రావడం మానేసి, దీవివాళ్ళ పడవల్లో వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. "మాస్టారు మనని మరిసిపోనారు," అని ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, ఆయనలో నటన లేదు. అదే భయంకరం. వెనక గదిలో కొబ్బరికాయలు పోశాం, ఎండుమిరపకాయలు ఆరబోశాం. సెలవులకు అత్త రాలేదు. ఆవిడకు పడవ ప్రయాణం పడదట.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు ఆయన కొడుకు ఫోను చేశాడు. ఎప్పుడూ చూడకపోయినా బావా అనే పిలిచాడు.

"పెద్దకర్మకి నాన్న మీద సిన్న పుస్తకం ఏస్తన్నాం బావా. నాన్న నీ రాత గురించి సెప్పని రోజు నేదు. రెండు పేజీలు నువ్వు రాయాల. మనుసుల్ని కలిపిన మనిసి అని పేరెడదామనుకుంటన్నాం."

ఆలోచించి చెబుతానన్నాను. ఫోను పెట్టేసి, ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న నంబరు నొక్కాను. జీవరత్నం ఇప్పుడు టెక్కలి దగ్గరే ఒక బడిలో చెబుతున్నాడు. వెనకాల పిల్లల గోల వినిపించింది. ఆయన పోయిన సంగతి తనకు తెలుసన్నాడు. "పాపం," అన్నాడు. ఆ మాటలో వెటకారం కోసం వెతికాను. లేదు.

"ఆ రోజు ఆఫీసుకిచ్చిన ఉత్తరం నేను రాసింది," అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆఫీసులో సూపించారు. సంతకం ఆయనది. ఇంగ్లీషు ఆయనది కాదు కదా. అంత బాగా రాసీవోడు ఆ దీవిలో ఇంకెవుడున్నాడు?"

"ఇన్నేళ్ళూ నన్నొక్క మాట అడగలేదేం?"

"ఏటడగమంతావు? అందులో ఉన్నవన్నీ మావిడ మంచికే రాసున్నాయి."

అవతల ఎవరో పిల్లని అతను మెల్లగా గదమాయించి, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు.

"మా గుంట నడిసినప్పుడు ఈడియో తీసి పంపినారు. సూసినాను. పోనీలే, అయిపోనాది."

పుస్తకం సంగతి చెప్పాను. దానికి రాయనని, కాని జరిగింది జరిగినట్టు వేరేచోట రాస్తానని, తన పేరు మార్చాలా అని అడిగాను.

"నాదెందుకు మార్సడం? నేనేటి సేసినాను? ఉండనీ."

"ఆయన పేరు?"



"ఆయనదొద్దు. పిల్లలున్నారు. పోనోడు కాయితం సదవడు, బతికున్నోళ్ళు సదువుతారు."

సరేనన్నాను. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"నీ పేరు మాత్రం పెట్టు. ఆ కాయితం మీద నీ పేరు నేదు. దీని మీదుండాల."